అరువిచ్చిన చేతులు

సెప్టెంబర్ 28, 1942. సోమవారం

మా వీధిలో సినిమా తీస్తారట. యుద్ధం మొదలయ్యాక ఈ వీధికి బాంబులు తప్ప వేరే చుట్టాలెవరూ రాలేదు. ఇప్పుడు లండన్ నుంచి వీళ్ళు దిగారు, రెండు లారీల సామానుతో.

డైరెక్టరు పేరు కారో. మనిషి పొడుగు, మాట మెత్తన. చంకలో మెగాఫోను పెట్టుకుని, టోపీ తీసి, "మీ గుమ్మం చాలా బాగుందండీ" అన్నాడు. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే రాయి పెట్టి రుద్ది తెల్లగా ఉంచుకునే మెట్టు నాది. పొంగిపోయాను. వెంటనే ఆయన, "కాస్త మురికి చేసుకోవచ్చా?" అన్నాడు.

"ఏం చేసుకోవచ్చా?"

"ఆ మెట్టు మరీ తెల్లగా ఉందండీ. కెమెరాలో మెరిసిపోతుంది. యుద్ధకాలపు ఇల్లు కదా, కొంచెం బూడిద చల్లితే..."

"చూడండి నాయనా, పోయిన ఏడాది ఎదురిల్లు కూలినప్పుడు మా కిటికీలన్నీ ఊడిపోయాయి. మర్నాడు పొద్దున నేను చేసిన మొదటి పని ఈ మెట్టు కడగడం. హిట్లర్ వల్ల కానిది మీ వల్ల అవుతుందా?"

ఆయన నవ్వి, మెట్టు జోలికి రానని మాటిచ్చాడు. పెద్దమనిషే.

కథ మామూలు కుటుంబం కథట. గార్లండ్‌లని ఒక ఇంటివాళ్ళు. తల్లి, తండ్రి, ఒక కూతురు, విమానదళంలో కొడుకు. సాయంత్రం మా ఆయన వాల్ట్ చేపలు పొగబెట్టే షెడ్డు నుంచి వచ్చి, చేతులు కడుక్కుంటూ ఆయన్ని అడిగాడు. "ఆ కొడుకు చివరికి ఏమవుతాడు?"

కారో తన బూట్ల వైపు చూసుకున్నాడు. వాల్ట్ తువ్వాలు వెతుక్కుంటూ లోపలికి పోయాడు.

సెప్టెంబర్ 29. మంగళవారం

మా అబ్బాయి క్లిఫ్ గది సర్దాను. దుమ్ము పడుతోందని. అంతే.

అక్టోబర్ 1. గురువారం

ఇవాళ్టిది రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున బట్టలు ఆరేస్తున్నాను. వీధి చివర సైకిలు కనిపించింది. దానిమీద టెలిగ్రాం మనిషి, నీలం కోటు, నడుముకు తోలు సంచి. ఆ సైకిలు మలుపు తిరిగిందంటే మా వీధి ఆడవాళ్ళందరూ చేతిలో పని వదిలేసి గుమ్మాల్లోకి వచ్చి నిలబడతారు. సైకిలు ఎవరింటి ముందు ఆగితే మిగతావాళ్ళు తమ వాటా చక్కెర పొట్లం కట్టుకుని, ఆ ఇంటికి వెళ్ళి టీ పెడతారు. యుద్ధం నేర్పిన అలవాటు ఇది. ఆగస్టులో మా ఇంటికే అందరూ వచ్చారు. ఆ చక్కెర ఇంకా ఉంది. దాన్ని వాడలేకపోయాను.

ఇవాళ కూడా నిలబడ్డాం. పక్కింటి మిసెస్ పార్ కూడా వచ్చి నిలబడింది. ఆవిడకు ఒక్కడే కొడుకు, డన్‌కర్క్ యుద్ధంలో పోయాడు. ఆ సైకిలుకు ఇక ఆవిడ భయపడక్కర్లేదు, అయినా ప్రతిసారీ వస్తుంది, మా కోసం. సైకిలు మెల్లగా వచ్చి వచ్చి, నా గుమ్మం ముందే ఆగింది. నా చేతిలో వాల్ట్ చొక్కా ఉంది. దాన్ని పిండుతూనే ఉన్నాను, నీళ్ళన్నీ నా బూట్ల మీద.

అప్పుడు మెగాఫోనులోంచి గొంతు వినిపించింది. "బాగుంది! ఇంకోసారి, కొంచెం నెమ్మదిగా!"

సైకిలు మీదున్న ఆ అమ్మాయి నటి. ఆ కోటు అద్దెది.

మిసెస్ పార్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వీధి దాటి కారో ముందుకు వెళ్ళింది. ఆయన ఛాతీ దాకా వస్తుందేమో ఆవిడ. "ఏమయ్యా, తల్లి కడుపునే పుట్టావా? ఈ వీధిలోకి ఆ సైకిలు తేవాలంటే ముందు ఇంటింటికీ వచ్చి చెప్పు. లేకపోతే ఆ గొట్టం లాక్కుని నీ నెత్తిన బోర్లిస్తాను" అంది. కారో ముఖం పాలిపోయింది. నిజంగానే ఇంటింటికీ వచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇకనుంచి ఆ నటి సైకిలెక్కే ముందు, సినిమా సామాను చూసుకునే స్పింక్ బడిగంట ఒకటి పట్టుకుని వీధంతా వాయిస్తాడు. "సినిమా సైకిలండీ! ఉత్త సినిమా సైకిల్!"

అక్టోబర్ 3. శనివారం

కారో మళ్ళీ వచ్చాడు. ఈసారి అడిగింది మెట్టు కాదు, నా చేతులు.

తల్లి వేషం వేసే ఆవిడ మిస్ లవెల్‌వి పట్టు లాంటి చేతులు. టెలిగ్రాం అందుకునే చోట చేతుల్ని దగ్గరగా చూపించాలట. అందుకు బట్టలుతికే చేతులు కావాలట. ముఖం కనిపించదట.

"ఆ టెలిగ్రాంలో ఏముంటుంది?" అన్నాను.

"కథలో అయితే... కొడుకు పోయాడని."

"అయితే నేను ముట్టుకోను."

"ఉత్త కాగితమేనండీ."

"మా అబ్బాయి విమానం తిరిగి రాలేదు. పోయాడని ఎవరూ అనలేదు. జాడ తెలియలేదు అన్నారు, అంతే. ఆ మాట రాసిన కాగితం, ఉత్తదైనా సరే, ఈ గుమ్మం దాటి లోపలికి రాదు."

అప్పటిదాకా మూలన కూర్చుని బిస్కెట్ తింటున్న స్పింక్, "అయితే మహారాణీగారూ, ఇంకోటి రాసిపెడతాను. కవరు లోపల ఏముందో కెమెరాకు కనిపిస్తుందా ఏంటి?" అన్నాడు. నాలుగడుగులుంటాడు, బుగ్గలు ఆపిల్ పళ్ళలా ఉంటాయి. సరే అన్నాను.

వాల్ట్‌కు నచ్చలేదు. "టెలిగ్రాంతో ఆటలేంటి, నోరా?"

"చేతులు ఖాళీగా ఉంటే తోచడం లేదు."

"ఉల్లిపాయలు తరుగు."

"ఉల్లిపాయలుంటే కదా?"

అసలు సంగతి వాల్ట్‌తో చెప్పలేదు. ఇన్ని అబద్ధపు టెలిగ్రాంలు అందుకుంటే నిజమైనది దారి తప్పి ఎటో పోతుందని ఒక పిచ్చి ఊహ పట్టుకుంది నాకు. మనసు నిబ్బరంగానే ఉంది. ఊహ మాత్రం పిచ్చిదే.

అక్టోబర్ 4. ఆదివారం

వాల్ట్ క్లిఫ్ సైకిలుకు గాలి కొట్టాడు. వాడకపోతే రబ్బరు పాడవుతుందంటాడు. ప్రతి ఆదివారం ఇదే మాట.

అక్టోబర్ 6. మంగళవారం

నా మొదటి రోజు నటన. తలుపు తట్టగానే తీయాలి, కవరు అందుకోవాలి, చింపాలి, కాగితం విప్పాలి. ఇంతే. ఎన్నిసార్లు చేయించారో లెక్కలేదు. మొదటి కవరు అంచు మెల్లగా చింపాను. లోపల స్పింక్ రాసిపెట్టింది ఇది: "మీ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి." లోపలికి పరుగెత్తాను. పొయ్యి మీద పాలు లేవు. తిరిగొచ్చేసరికి అందరూ పగలబడి నవ్వుతున్నారు, కారోతో సహా.

రెండోదాంట్లో "మీ పిల్లి కెమెరామన్ కుర్చీ ఆక్రమించింది, సైన్యం పంపండి." మూడోదాంట్లో "మిసెస్ పార్ నన్ను పెళ్ళాడుతుందేమో కనుక్కోండి." అది ఆవిడకు చదివి వినిపిస్తే, "ముందు స్టూలెక్కి నా పొడుగు రమ్మను" అంది.

ఒక్క సంగతి మాత్రం కారోకు చెప్పాను. ఆయన తీస్తున్నది నిజంగా జరిగినట్టు లేదని. టెలిగ్రాం తెచ్చినవాళ్ళు కవరు ఇచ్చేసి వెళ్ళిపోరు. వాళ్ళ ఆఫీసు రూలు అది. గుమ్మం దగ్గరే ఆగి, మనం చదివేదాకా ఉండి, "జవాబేమైనా ఉందా అండీ?" అని అడగాలి. ఆగస్టులో వచ్చిన ఆవిడా అడిగింది. నా కొడుకు జాడ తెలియడం లేదని చెప్పి, జవాబేమైనా ఉందా అంటే ఏం చెబుతాను? ఏం లేదన్నాను. అంత కోపం నాకు ఎప్పుడూ ఎవరి మీదా రాలేదు, ఆవిడ తప్పేమీ లేకపోయినా.

కారో అంతా విని, "అది పెడితే సన్నివేశం మరీ సాగదీసినట్టవుతుందండీ" అన్నాడు. ఆయన సినిమా, ఆయనిష్టం.

అక్టోబర్ 7. బుధవారం

వాన. షూటింగు లేదు. అరిగిన కాలర్లు తిరగేసి కుట్టాను, వాల్ట్‌వీ, క్లిఫ్‌వీ. వచ్చాక వాడికి చొక్కాలు ఉండాలి కదా.

అక్టోబర్ 8. గురువారం

దేవుడా.

వరసగా రాయాలి. లేకపోతే రేపు నేనే నమ్మను.

పొద్దున వెలుతురు బాగుందని మళ్ళీ నన్ను తలుపు వెనక నిలబెట్టారు. తట్టినప్పుడే తీయాలి, అంతవరకూ తీయకూడదు. బయట స్పింక్ గంట వినిపించింది. "సినిమా సైకిలండీ!" ఆ గంట వింటే ఇక ఎవరూ గుమ్మాల్లోకి రారు. ఎంతకీ తలుపు తట్టరు. కాళ్ళు నొప్పెడుతున్నాయి. పిండి కలిపి పెట్టిన గిన్నె గుర్తొస్తోంది.

బయట ఏం జరిగిందో తర్వాత తెలిసింది. నటి అమ్మాయి లారీలో జుట్టు సర్దుకుంటూ ఉండిపోయింది. సైకిలు మీద వచ్చింది వేరే మనిషి, నడివయసు ఆవిడ. స్పింక్ దూరం నుంచి సైకిలు చూసి గంట కొట్టేశాడు. కారో దగ్గర పనిచేసే బట్టతల ఆయన, చేతికి అధికారి పట్టీ కట్టుకుని తిరుగుతుంటాడు, ఆవిడకు ఎదురెళ్ళాడు.

"ఆలస్యమైంది. మలుపు దగ్గరికి వెళ్ళి నిలబడండి. జెండా ఊపితే రండి."

"మిసెస్ స్టాదర్స్‌కు టెలిగ్రాం అండీ." స్టాదర్స్ మా ఇంటిపేరు.

"మిసెస్ గార్లండ్ అనాలి. పేరు కూడా సరిగ్గా నేర్చుకోలేదా? వెళ్ళండి."

ఆవిడ వెళ్ళింది! మా జనమంతే. చేతికి పట్టీ ఉన్నవాడు వెళ్ళి నిలబడమంటే, ఎందుకని అడక్కుండా నిలబడతాం. వరస ఉంటే వరసలో కూడా నిలబడతాం. ఆవిడ మలుపు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడింది. జెండా ఊపారు. వచ్చింది. సైకిలు వేగం బాలేదన్నారు. మళ్ళీ వెనక్కి పంపారు. మళ్ళీ వెళ్ళింది, పాపం! నా కొడుకు కబురు ఆ తోలు సంచిలో పెట్టుకుని, మా వీధిలో అటూ ఇటూ తిరిగింది.

చివరికి తలుపు తట్టింది. తీశాను. కవరు అందుకున్నాను. ఇవాళ స్పింక్ ఏం వెటకారం చేశాడో అని అప్పటికే నవ్వొస్తోంది. చింపి, కాగితం విప్పాను.

"రెడ్ క్రాస్ ద్వారా అందిన సమాచారం ప్రకారం మీ కుమారుడు సార్జంట్ క్లిఫర్డ్ స్టాదర్స్ జర్మనీలో యుద్ధఖైదీగా ఉన్నాడు."

ఒళ్ళు మండిపోయింది. ఎంత మంచి ఉద్దేశంతో రాసినా సరే, దీంతో కూడా హాస్యమా? నా కొడుకు పేరుతో? కెమెరాను తోసుకుంటూ, మెట్టు దిగి వీధిలోకి వెళ్ళి, స్పింక్ ఆపిల్ బుగ్గ మీద ఒక్కటిచ్చాను. గంట అతని చేతిలోంచి జారి దొర్లుకుంటూ పోయింది.

"నీకు అమ్మ లేదా? ఇలాంటివి రాస్తావా?"

అతను బుగ్గ పట్టుకుని నోరు తెరిచాడు. అప్పుడు నా వెనక, మెట్టు దగ్గర, ఎవరో సన్నగా దగ్గారు.

"ఏమీ అనుకోకండి" అంది ఆవిడ. "జవాబేమైనా ఉందా అండీ?"

ఆ మాట కారో పెట్టనన్నాడు. సినిమా మనిషి ఆ మాట అడగదు. నిజంగా టెలిగ్రాం తెచ్చిన మనిషే అడుగుతుంది.

మెట్టు మీద కూలబడ్డాను. తర్వాత ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా గుర్తుంది. స్పింక్ జేబులోంచి తన కవరు తీసి, "నాది ఇదిగో, ఇంకా ఇవ్వనేలేదు" అంటున్నాడు. మిసెస్ పార్ నా చేతిలో కాగితం తీసుకుని, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చదివింది. కారో మెగాఫోను ఎత్తబోయి దించేశాడు. అయినా వీధి చివరిదాకా అందరికీ తెలిసిపోయింది. గుమ్మాలు తెరుచుకున్నాయి. ఒక్కొక్కరూ చక్కెర పొట్లాలతో రావడం మొదలుపెట్టారు. ఏడుస్తున్నాను. పిచ్చిదానిలా నవ్వుతున్నాను కూడా. వాడు బతికి ఉన్నాడు. నా క్లిఫ్ ఎక్కడో తిండి తింటున్నాడు, నిద్రపోతున్నాడు, ఊపిరి పీలుస్తున్నాడు.

టెలిగ్రాం ఆవిడ ఇంకా నిలబడే ఉంది. రూలు రూలే.

"ఉంది" అన్నాను. "ఈసారి ఉంది."

ఒకరు దేవుడికి కృతజ్ఞతలు రాయమన్నారు, ఒకరు మంత్రిగారికి రాయమన్నారు. బట్టతల ఆయన పెన్సిలిచ్చాడు, ముఖం నా ముఖం కంటే ఎర్రగా ఉంది. చివరికి రాసింది ఇది: "అందింది. కృతజ్ఞతలు. మందపాటి మేజోళ్ళు ఏ చిరునామాకు పంపాలి? స్టాదర్స్."

స్పింక్ ఆ అద్దె సైకిలెక్కి, నా అయిదు వేళ్ళ అచ్చు బుగ్గ మీద అలాగే పెట్టుకుని, వాల్ట్‌ను పిలవడానికి వెళ్ళాడు. వాల్ట్ ఏప్రన్‌తోనే వచ్చాడు, ఒంటినిండా చేపల పొగ వాసన. కాగితం చదివాడు. మడిచాడు. మళ్ళీ విప్పి చదివాడు. పెరట్లోకి వెళ్ళాడు. కాసేపయ్యాక సైకిలు పంపు చప్పుడు వినిపించింది. ఇవాళ ఆదివారం కాదు.

స్పింక్ ఇవ్వని కవరు తర్వాత చింపి చూశాను. "ఇవాళ వాన రాదు, బట్టలు ఆరేసుకోండి" అని ఉంది.

అక్టోబర్ 9. శుక్రవారం

స్పింక్‌కు ఆగస్టు చక్కెరతో కేకు చేసి ఇచ్చాను. "ఇంకో బుగ్గ ఖాళీగానే ఉంది, మహారాణీగారూ, దానికీ ఒక కేకు వస్తుందా?" అన్నాడు.

నిన్నటి షాటు పనికిరాలేదట. మాటిచ్చాను కదా అని మళ్ళీ తలుపు వెనక నిలబడ్డాను. చేశాను. మళ్ళీ చేశాను. కారో తల గోక్కున్నాడు.

"ఏమీ అనుకోకండి మిసెస్ స్టాదర్స్. మీ చేతులు సంతోషంగా ఉన్నాయి."

నిజమే. ఎంత ప్రయత్నించినా కవరు కోసం నా చేయి ముందే వెళ్ళిపోతోంది, పండగ బహుమతి అందుకుంటున్నట్టు. క్లిఫ్ లేడనుకుని చేసి చూడమన్నాడు ఆయన. అనుకోను అన్నాను. ఇక ఎప్పుడూ అనుకోను.

మిసెస్ పార్ తన గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"జరుగు తల్లీ. ఆ పని నాకు తెలుసు."

"వద్దు మిసెస్ పార్, మీరెందుకు..."

"జరగవే."

తలుపు తట్టారు. ఆవిడ తీసింది. కవరు అందుకుంది, చింపలేదు. రెండో చేత్తో ఆ నటి అమ్మాయి కోటు పై గుండీ, విప్పి ఉన్నదాన్ని, నెమ్మదిగా పెట్టింది. "చలిగాలి కదా" అంది. ఆ అమ్మాయి నటన మర్చిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అడుగమ్మా" అంది మిసెస్ పార్. "అడగాలి కదా."

"జవాబేమైనా ఉందా అండీ?"

"లేదమ్మా. జాగ్రత్తగా వెళ్ళు."

ఆపమని చెప్పాల్సిన కారో చెప్పలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆనాడు మిసెస్ పార్‌కు టెలిగ్రాం తెచ్చిన పిల్ల వణికిపోతోందట. గుండీ పెట్టి పంపాననీ, అది తప్ప అప్పుడు ఇంకేం చేయాలో తోచలేదనీ తర్వాత మా వంటింట్లో చెప్పింది. ఇన్నేళ్ళ పొరుగులో ఆవిడ నాకు ఈ సంగతి చెప్పడం ఇదే మొదలు. ఆవిడ చేతులు పట్టుకుని కూర్చున్నాను. కేకు ముక్క పెడితే, చక్కెర ఎక్కువైందని వంక పెట్టి, రెండో ముక్క అడిగింది.

అక్టోబర్ 12. సోమవారం

వాళ్ళు వెళ్ళిపోయారు. వీధి బోసిపోయింది. మెట్టు రుద్దాను.

జూన్ 12, 1943. శనివారం

సినిమా మా ఊరొచ్చింది. వీధి వీధంతా కదిలింది.

ఆ గార్లండ్‌ల వంటిల్లు చూడాలి! అందులో మా నాలుగు వంటిళ్ళు పడతాయి. మిస్ లవెల్ బాంబులు పడుతుంటే కూడా జుట్టు చెదరకుండా మెట్లు దిగుతుంది. వెనక వరసలో ఎవరో, "ఆవిడ రేషన్ కార్డు ఎక్కడ తీసుకుందో కనుక్కోండిరా!" అని అరిస్తే హాలంతా గొల్లుమంది. వాల్ట్ కూడా నవ్వాడు.

తర్వాత సైకిలు వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. తలుపు తెరుచుకుంది, మిసెస్ పార్ చేతులు తెరనిండా వచ్చాయి. గుండీ పెట్టాయి. కారో ఆ ప్రశ్న తీసేయలేదు, ఆవిడ గొంతూ తీసేయలేదు. "జవాబేమైనా ఉందా అండీ?" అన్నప్పుడు హాల్లో ఎక్కడెక్కడో ఆడవాళ్ళు ముక్కులు చీదుకోవడం వినిపించింది. ఆ ప్రశ్న విన్నవాళ్ళంతా ఎక్కడ కూర్చున్నారో చీకట్లో కూడా తెలిసిపోయింది. మిసెస్ పార్ నా పక్కన పిప్పరమెంటు చప్పరిస్తూ, నా చేయి వదలకుండా, "నా గోళ్ళు చూడవే, ఎంత మురికో" అంది. ఇంటికొచ్చేదాకా ఎవరెవరో ఆవిడ్ని ఆపి, ఆ చేయి ఒకసారి పట్టుకుని వదిలారు.

జూన్ 13. ఆదివారం

క్లిఫ్‌కు రాశాను. శిబిరానికి పొడుగు ఉత్తరాలు పంపనివ్వరు. అందుకని ముఖ్యమైనవే రాశాను. మేజోళ్ళు రెండు జతలు వస్తున్నాయి. సైకిలు టైర్లు బాగున్నాయి, మీ నాన్న వాటికి ఊపిరాడనివ్వడం లేదు. నేను సినిమా తార కావాల్సినదాన్ని, నువ్వు బతికి ఉండి నా చేతుల్ని పాడుచేశావు, వచ్చాక నీ సంగతి చెబుతాను. మన మెట్టు మాత్రం సినిమాలో ఉంది, మెరిసిపోతోంది.

చివర ఒక్క వరస ఖాళీ మిగిలింది. లోపలికి వచ్చేటప్పుడు బూట్లు తుడుచుకుని రమ్మని రాశాను.